బ్యాటరీదా తప్పు, ఆల్టర్నేటర్‌దా? ఇంట్లోనే తేల్చుకోవడానికి తరచుగా అడిగే ప్రశ్నలు

పొద్దున్నే తాళం తిప్పితే కారు కిక్కురుమనదు. వెంటనే అందరి వేలూ బ్యాటరీ వైపే చూపిస్తుంది. చాలాసార్లు అది నిజమే కావచ్చు. కానీ కొత్త బ్యాటరీ వేయించిన కొద్ది వారాలకే మళ్లీ అదే తంతు మొదలైందంటే, తప్పు వేరేచోట ఉందన్నమాట. అది ఆల్టర్నేటర్ కావచ్చు, పట్టు వదిలిన తీగ కావచ్చు, రాత్రంతా ఎవరికీ కనిపించకుండా వెలుగుతున్న చిన్న దీపం కావచ్చు. కొలవకుండా బ్యాటరీ మార్చడమంటే జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా మందు మింగడమే. ఒక మామూలు మల్టీమీటరు, ఒక గంట తీరిక ఉంటే దోషం ఎక్కడుందో చాలావరకు మీరే పట్టుకోగలరు.

బ్యాటరీ పని ఏమిటి, ఆల్టర్నేటర్ పని ఏమిటి?

ఇంజన్ తిరగడం మొదలయ్యేదాకా బరువంతా బ్యాటరీదే. స్టార్టర్ మోటారు ఆ కొన్ని క్షణాల్లో వంద, రెండు వందల ఆంపియర్లు, పెద్ద ఇంజన్లయితే అంతకంటే ఎక్కువే లాగుతుంది. ఇంజన్ అందుకున్నాక బాధ్యత ఆల్టర్నేటర్‌కు మారుతుంది. దీపాలు, ఫ్యాను, ఇంధన పంపు, కంప్యూటర్ అన్నింటికీ కరెంటు ఇస్తూనే, స్టార్టింగ్‌లో బ్యాటరీ పోగొట్టుకున్నది తిరిగి నింపుతుంది. ఎంత వోల్టేజీ ఇవ్వాలో నిర్ణయించేది రెగ్యులేటర్. చాలామంది మెకానిక్‌లు ఆల్టర్నేటర్‌ను ఇప్పటికీ డైనమో అనే పిలుస్తారు. నిజానికి క్రైస్లర్ సంస్థ 1960లో వేలియంట్ కారులో ఆల్టర్నేటర్ పెట్టినప్పటి నుంచి కార్లలో డైనమోల కాలం ముగుస్తూ వచ్చింది. పేరు మాత్రం నోళ్లలో నిలిచిపోయింది. మెకానిక్ డైనమో అన్నాడంటే ఆల్టర్నేటర్ అనే అర్థం చేసుకోండి.

మొదలుపెట్టే ముందు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

ఈ ప్రశ్నను దాటవేయకండి. బ్యాటరీలో ఉన్నది గంధకామ్లం. ఛార్జింగ్ అవుతున్నప్పుడు అందులోంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది, చిన్న నిప్పురవ్వకే అది పేలుతుంది. కాబట్టి దగ్గరలో సిగరెట్టు గానీ మంట గానీ ఉండకూడదు. కళ్లద్దాలు పెట్టుకోండి. చేతి ఉంగరం, కడియం, లోహపు గడియారం తీసి పక్కన పెట్టండి. పానాకూ ఉంగరమూ కలిసి ప్లస్‌కూ బాడీకీ మధ్య వంతెన కడితే ఉంగరం ఒక్క క్షణంలో ఎర్రగా కాలుతుంది, వేలు పోయినా పోతుంది.

టెర్మినళ్లు విప్పాల్సి వస్తే ముందు మైనస్, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు ముందు ప్లస్, చివర మైనస్. మైనస్ విప్పేశాక పానా పొరపాటున బాడీకి తగిలినా ప్రమాదం ఉండదు, అందుకే ఈ వరస. ఇంజన్ నడుస్తుండగా కొలిచేటప్పుడు వదులు దుస్తులు, వేలాడే జుట్టు, మీటరు తీగలు బెల్టుకూ ఫ్యానుకూ దూరంగా ఉంచండి. రేడియేటర్ ఫ్యాను చెప్పాపెట్టకుండా తిరగడం మొదలుపెడుతుంది.

ఎలాంటి మీటరు కావాలి?

ఖరీదైనది అక్కర్లేదు. డీసీ వోల్టులను రెండో దశాంశం దాకా చూపే డిజిటల్ మల్టీమీటరు చాలు. చేత్తో తిప్పి రేంజి ఎంచుకునే మీటరయితే డీసీ వోల్టులలో 20 అంకె దగ్గర పెట్టండి. ఎర్ర తీగ ప్లస్‌కు, నల్ల తీగ మైనస్‌కు.

మొదట ఏం కొలవాలి?

విశ్రాంతిలో ఉన్న బ్యాటరీని. కారు రాత్రంతా ఆగి ఉన్నాక, పొద్దున తలుపులు తెరిచి దీపాలు వెలిగించకముందే కొలిస్తే మంచిది. అప్పుడే నడిపి ఆపిన కారులో బ్యాటరీ పైపై నిండుదనం చూపుతుంది. 12.9 అని కనిపించినా నమ్మకూడదు. అలాంటప్పుడు హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వెలిగించి ఆర్పి, ఇంకొన్ని నిమిషాలు ఆగి కొలవండి.

12.6 లేదా పైన ఉంటే బ్యాటరీ నిండుగా ఉంది. 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు వంతు. 11.8 దగ్గరికి వచ్చిందంటే దాదాపు ఖాళీ. ఈ అంకెలు చూసి ఒక మాట గుర్తుంచుకోండి. 12.6కూ 12.0కూ తేడా చూడటానికి అరవోల్టు పైచిలుకే, కానీ బ్యాటరీ లోపల మాత్రం ముప్పావు వంతు సరుకు పోయింది. "12 వోల్టుల బ్యాటరీయే కదా, 12 చూపిస్తోంది, బాగానే ఉంది" అనుకుని చాలామంది ఇక్కడే పొరబడతారు.

బ్యాటరీలో ఆరు గదులు వరసగా కలిపి ఉంటాయి, ఒక్కొక్కటి సుమారు 2.1 వోల్టులు ఇస్తుంది. పూర్తిగా ఛార్జి చేసి కాసేపు ఆగాక కూడా 10.5 దగ్గరే ఆగిపోతే ఒక గది చనిపోయినట్టే. దాన్ని బతికించే మార్గం లేదు, బ్యాటరీ మార్చాలి.

మీటరు 12.6 చూపిస్తున్నా కారు స్టార్ట్ కావడం లేదు. ఎలా సాధ్యం?

బాగా సాధ్యం. విశ్రాంతి వోల్టేజీ బ్యాటరీలో ఎంత నింపి ఉందో చెబుతుంది గానీ, బరువు పడినప్పుడు అది ఎంత ఇవ్వగలదో చెప్పదు. లోపలి పలకలు అరిగి, గట్టిపడిన సల్ఫేటు పేరుకున్న బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు నిండుగానే కనిపిస్తుంది. అసలు పరీక్ష స్టార్టర్ తిరిగేటప్పుడు.

మీటరు కొసలను బ్యాటరీ మీద ఆనించి పట్టుకుని, లోపల కూర్చున్నవారిని తాళం తిప్పమనండి. అంకె ఒక్కసారిగా పడుతుంది. ఎంతదాకా పడిందో చూడండి. మామూలు వాతావరణంలో 10 వోల్టులకు పైన నిలిస్తే నిశ్చింత. 9.6 కంటే కిందికి జారిందంటే, ముందే నిండుగా ఛార్జి చేసిన బ్యాటరీ అయిన పక్షంలో, అది అలసిపోయింది. ముందే నింపడం ఇక్కడ ముఖ్యం. సగం ఖాళీ బ్యాటరీకి ఈ పరీక్ష పెట్టి తప్పు తీర్పు చెప్పడం అన్యాయం.

అంకె 7కో 8కో కూలిపోయి ఇంజన్ భారంగా మూలుగుతుంటే బ్యాటరీనే అనుమానించాలి. పరీక్షించిన మంచి బ్యాటరీతో కూడా అలాగే ఉంటే స్టార్టర్ మోటారు లోపల బిగుసుకుని అతిగా లాగుతోందని అర్థం. దీనికి పూర్తిగా భిన్నమైనది ఇంకొకటి ఉంది. తాళం తిప్పినా అంకె 12.5 దగ్గర కదలకుండా నిలబడుతుంది, ఇంజనూ కదలదు. అంటే బ్యాటరీని ఎవరూ ఏమీ అడగడం లేదన్నమాట. కరెంటు స్టార్టర్‌కు చేరడమే లేదు. సోలినాయిడ్ (స్టార్టర్‌కు పెద్ద కరెంటును కలిపే అయస్కాంతపు స్విచ్చి), దానికి వెళ్లే చిన్న తీగ, రిలే (చిన్న కరెంటుతో నడిచే స్విచ్చి), ఆటోమేటిక్ గేర్ల కారయితే పార్క్-న్యూట్రల్ స్విచ్చి, వీటిని చూడాలి. అలాంటి కారుకు ఎన్ని బ్యాటరీలు మార్చినా లాభం లేదు.

మీటరు కొసను ఎక్కడ ఆనిస్తున్నారన్నది కూడా గమనించండి. మొదటిసారి బ్యాటరీ నుంచి లేచిన సీసపు మొన మీద పెట్టండి, రెండోసారి దానిని పట్టుకున్న క్లాంపు మీద. స్టార్టర్ తిరుగుతున్నప్పుడు మొన మీద 10.8, క్లాంపు మీద 8.9 వచ్చాయనుకోండి. రెంటికీ మధ్య ఉన్నది వెంట్రుకవాసి దూరమే, కానీ ఆ సందులో దాదాపు రెండు వోల్టులు మాయమయ్యాయి. తెల్లటి పొడో, పచ్చటి చిలుమో అక్కడ కూర్చుంది. వంటసోడా కలిపిన వేడినీళ్లు పోస్తే నురగలు కక్కుతూ కరిగిపోతుంది. సోడా నీళ్లు మూతల రంధ్రాల్లోంచి లోపలికి మాత్రం పోకూడదు. తర్వాత తీగల బ్రష్షుతో మొననూ క్లాంపు లోపలి అంచునూ మెరిసేదాకా రుద్ది, తుడిచి ఆరబెట్టి బిగించి, పైన పలచగా పెట్రోలియం జెల్లీ పూయండి. ముందు జెల్లీ పూసి తర్వాత బిగించకండి.

తాళం తిప్పితే టకటకమని వరసగా శబ్దం వస్తోంది. ఒక్కసారే 'టక్' అంటే అర్థం వేరా?

వేరే. వరసగా టకటకమంటే సోలినాయిడ్ పట్టుకోబోయి, వోల్టేజీ కూలి వదిలేసి, మళ్లీ పట్టుకోబోతోంది. ఇది దిగిపోయిన బ్యాటరీ లక్షణం, లేదా మురికి టెర్మినళ్లది. ఒక్కసారే గట్టిగా టక్‌మని ఆగిపోయి, లోపలి దీపం వెలుగు తగ్గకపోతే స్టార్టర్‌నే అనుమానించండి. ఆ దీపం చటుక్కున మసకబారితే మళ్లీ బ్యాటరీ, తీగల వైపే వెళ్లాలి.

ఆల్టర్నేటర్ ఛార్జి చేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

ఇంజన్ ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ మీద ఎంత ఉందో రాసుకోండి, 12.5 అనుకుందాం. ఇంజన్ స్టార్ట్ చేసి ఒక నిమిషం ఆగి మళ్లీ అక్కడే కొలవండి. అంకె 13.8 నుంచి 14.7 మధ్యకు ఎక్కితే ఆల్టర్నేటర్ పని చేస్తోంది. అలా ఎక్కకుండా 12.4, 12.3, 12.2 అని మెల్లగా దిగుతూ ఉంటే ఛార్జింగ్ లేదు, కారు బ్యాటరీని తింటూ బతుకుతోంది.

అక్కడితో ఆపకండి. ఖాళీగా తిరిగే ఆల్టర్నేటర్ చాలావరకు బాగానే కనిపిస్తుంది. హెడ్‌లైట్లు, ఫ్యాను పూర్తి వేగంలో, వెనక అద్దం హీటరు, అన్నీ వేసి ఇంజన్‌ను 2000 ఆర్‌పీఎం దాకా తీసుకెళ్లి చూడండి. అప్పటికీ 13.5కు అటూఇటూగా నిలబడాలి. అన్నీ వేయగానే 12.6కు జారిపోతే ఆల్టర్నేటర్ చాలినంత కరెంటు ఇవ్వలేకపోతోంది. బెల్టు జారుతుండవచ్చు, లోపల ఏసీని డీసీగా మార్చే డయోడ్ ఒకటి పోయి ఉండవచ్చు, కార్బన్ బ్రష్షులు అరిగి ఉండవచ్చు. చాలా ఆల్టర్నేటర్లలో బ్రష్షులూ రెగ్యులేటరూ కలిపి ఒక చిన్న భాగంగా విడిగా దొరుకుతాయి. మొత్తం మార్చేయాలని ఎవరైనా అంటే, ఈ భాగం ఒక్కటీ మార్చితే సరిపోతుందేమో అడగడం మీ హక్కు.

నా కారులో 12.8 మాత్రమే చూపిస్తోంది, కానీ ఏ ఇబ్బందీ లేదు. చెడిపోయినట్టేనా?

తొందరపడకండి. కొత్త కార్లలో ఆల్టర్నేటర్‌కు ఎంత ఇవ్వాలో ఇంజన్ కంప్యూటర్ చెబుతుంది. బ్యాటరీ నిండుగా ఉంటే ఇంధనం ఆదా చేయడానికి వోల్టేజీ తగ్గిస్తుంది. బ్రేకు వేసినప్పుడో, యాక్సిలరేటర్ వదిలినప్పుడో 15 దగ్గరికి కూడా పెంచుతుంది. ఇలాంటి కారులో ఒక్క కొలతతో తీర్పు చెప్పలేం. హెడ్‌లైట్లు వేసి చూడండి, చాలా కార్లలో వెంటనే 14కు పైకి ఎక్కుతుంది. మైనస్ టెర్మినల్ మీద చిన్న నల్లటి పెట్టె, దానికి సన్నని తీగ కనిపిస్తే మీది ఇలాంటి కారే.

15 దాటి చూపిస్తోంది. ఎక్కువ ఛార్జింగ్ మంచిదే కదా?

కాదు. పాత పద్ధతి కారులో 15 వోల్టులు దాటి స్థిరంగా నిలిచిందంటే రెగ్యులేటర్ అదుపు తప్పింది, లేదా దానికి వోల్టేజీ తెలిపే తీగ తెగింది. బ్యాటరీ లోపల నీరు వాయువులుగా మారి తగ్గిపోతుంది, పెట్టె పక్కలు ఉబ్బుతాయి, కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. బల్బులు తరచుగా మాడిపోవడం కూడా దీని గుర్తే. ఆ వాసన వస్తుంటే కారు ఆపి, బానెట్ తెరిచి చాలాసేపు గాలి తగలనివ్వండి, మొహం దగ్గర పెట్టి చూడకండి. మరమ్మతు అయ్యేదాకా నడపవద్దు.

డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ గుర్తు వెలిగితే బ్యాటరీ పోయినట్టా?

బొమ్మ బ్యాటరీదే అయినా ఆ దీపం మాట్లాడేది ఛార్జింగ్ గురించి. ఇగ్నిషన్ వేయగానే వెలగాలి, ఇంజన్ అందుకోగానే ఆరాలి. ఇంజన్ నడుస్తుండగా వెలిగితే ఆల్టర్నేటర్, బెల్టు, తీగలు చూడాలి. అసలు ఇగ్నిషన్ వేసినప్పుడు కూడా వెలగకపోతే సంతోషించకండి. ఎన్నో పాత కార్లలో ఆల్టర్నేటర్ మేల్కోవడానికి కావలసిన తొలి కరెంటు ఆ బల్బు గుండానే వెళుతుంది. బల్బు మాడితే ఆల్టర్నేటర్ ఛార్జి చేయడమే మొదలుపెట్టకపోవచ్చు, దీపం లేదు కాబట్టి మీకూ తెలియదు. మసకమసకగా వెలగడం డయోడ్ దోషానికో తీగలో నష్టానికో సూచన.

ఆల్టర్నేటర్ బాగుంది, బ్యాటరీ కొత్తది. అయినా ఛార్జింగ్ సరిగా కావడం లేదు. ఇంకేం మిగిలింది?

తీగలు. ఎక్కువమంది చూడకుండా వదిలేసేది ఇదే. నేను నేర్చుకున్నది మా మేనమామ కారు దగ్గర. ఎనిమిది నెలల్లో రెండు బ్యాటరీలు మార్చారు. రెండోసారి కూడా "బ్యాటరీ నాసిరకం" అనే చెప్పారట. మీటరు పెట్టి చూస్తే ఇంజన్ నడుస్తుండగా ఆల్టర్నేటర్ మీదే 14.3 ఉంది, బ్యాటరీ దగ్గరికి వచ్చేసరికి 13.1. దారిలో 1.2 వోల్టులు ఎటు పోయాయి?

దీన్ని కనిపెట్టే పద్ధతి తేలిక. ఇంజన్ నడుపుతూ, హెడ్‌లైట్లూ ఫ్యానూ వేసి ఉంచండి. మీటరు ఒక కొసను ఆల్టర్నేటర్ వెనక ఉన్న లావు తీగ బోల్టు మీద, రెండో కొసను బ్యాటరీ ప్లస్ మొన మీద పెట్టండి. 0.3 వోల్టు లోపు రావాలి. తర్వాత ఆల్టర్నేటర్ లోహపు ఒంటి మీద ఒక కొస, బ్యాటరీ మైనస్ మొన మీద రెండోది. ఇక్కడ 0.2 మించకూడదు. ఆ కారులో ప్లస్ దారిలో 0.1 మాత్రమే వచ్చింది. మైనస్ దారిలో 1.1. ఇంజన్‌ను బాడీకి కలిపే అల్లిక ఎర్తు పట్టీ పైకి చక్కగానే ఉంది. బోల్టు విప్పి చూస్తే దాని కింద పచ్చని పొడి, అల్లికలో సగం పోగులు చేతికి రాలిపోయాయి. కొత్త పట్టీ వేసి, బాడీ మీద బోల్టు కూర్చునే చోటును గరుకు కాగితంతో రుద్దాక బ్యాటరీ మీద 14.2 కనిపించింది. తీసేసిన రెండు బ్యాటరీలూ బహుశా మంచివే. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ప్లస్ దారిలో 12 వోల్టుల దాకా తేడా వస్తే ఆల్టర్నేటర్‌కూ బ్యాటరీకీ మధ్య ఉన్న పెద్ద ఫ్యూజు కాలిపోయిందని అర్థం. ఎవరైనా బ్యాటరీ ప్లస్, మైనస్ తీగలను తారుమారుగా కలిపితే ఇలా జరుగుతుంది.

డయోడ్ పోయిందని ఇంట్లోనే తెలుసుకోగలమా?

తెలుసుకోవచ్చు. ఆల్టర్నేటర్ లోపల పుట్టేది ఏసీ కరెంటు, డయోడ్‌లు దాన్ని డీసీగా మారుస్తాయి. ఒక డయోడ్ పోతే కొంత ఏసీ అలాగే బయటికి వస్తుంది. మీటరును ఏసీ వోల్టులకు మార్చి, హెడ్‌లైట్లు వేసి ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ మీదే కొలవండి. 0.1 లోపు ఉంటే మంచిది, 0.5 దాటితే డయోడ్ పోయినట్టే లెక్క. చవక మీటర్లు కొన్ని డీసీనే ఏసీ అనుకుని తప్పు అంకె చూపిస్తాయి. అందుకని ముందు ఇంజన్ ఆపి ఏసీలో కొలిచి చూడండి. అప్పుడు సున్నా దగ్గర కాకుండా పాతికో ముప్పయ్యో చూపితే ఆ మీటరు ఈ పనికి పనికిరాదు.

లోపలికి షార్టయిన డయోడ్‌కు ఇంకో ఆనవాలు ఉంది. రాత్రంతా ఆగి ఉన్న కారులో పొద్దున్నే ఆల్టర్నేటర్ మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా తగులుతుంది. చుట్టూ ఉన్న ఇనుమంతా చల్లగా ఉండి అదొక్కటే వెచ్చగా ఉంటే, రాత్రి బ్యాటరీలోని కరెంటంతా దాని గుండానే కారిపోయింది.

బెల్టు చూడటం ఎలా?

ఇంజన్ ఆపి, తాళం తీసి చూడండి. పక్కలు అద్దంలా మెరుస్తున్నా, అడ్డంగా పగుళ్లున్నా, నూనె తడి ఉన్నా అది జారుతుంది. చలిలోనో, హెడ్‌లైట్లు వేయగానేనో కీచుమనడం దాని కేక. కొన్ని ఆల్టర్నేటర్ల పుల్లీ ఒకే వైపు పట్టుకునే రకం. అది పాడయితే బెల్టు తిరుగుతున్నా ఆల్టర్నేటర్ తిరగకపోవచ్చు.

కారు రెండు రోజులు ఆపితే బ్యాటరీ దిగిపోతోంది. నడిపినప్పుడు ఛార్జింగ్ బాగానే ఉంది.

అయితే ఎవరో రాత్రిపూట దొంగతనంగా తాగుతున్నారు. ఆపి ఉంచిన కారు కూడా గడియారానికీ అలారానికీ తాళం రిసీవరుకూ కొంత కరెంటు వాడుకుంటుంది. 50 మిల్లీఆంపియర్ల లోపు మామూలు. 50 ఆంపియర్-అవర్ల (ఒక ఆంపియరు చొప్పున 50 గంటలు ఇవ్వగల) నిండు బ్యాటరీ ఆ లెక్కన సగానికి రావడానికి సుమారు 20 రోజులు పడుతుంది. అదే అర ఆంపియరు కారిపోతుంటే రెండు రోజుల్లోనే సగానికి వస్తుంది.

కొలవడానికి మైనస్ తీగను విప్పి, ఆ తీగకూ బ్యాటరీ మైనస్ మొనకూ మధ్య మీటరును కరెంటు కొలిచే స్థితిలో కలపాలి. ఎర్ర తీగను మీటరులో 10 ఆంపియర్ల రంధ్రానికి మార్చండి. తాళం తీసేయండి, తలుపులన్నీ మూయండి. బానెట్ స్విచ్చి ఉంటే గొళ్లాన్ని స్క్రూడ్రైవరుతో నొక్కి మూసినట్టు భ్రమింపజేయండి. ఇక ఆగాలి. కారులోని కంప్యూటర్లు నిద్రపోవడానికి 20 నుంచి 40 నిమిషాలు, కొన్నిటిలో ఇంకా ఎక్కువ పడుతుంది. మొదట్లో రెండు మూడు ఆంపియర్లు కనిపిస్తే కంగారు పడకండి. మీటరు మధ్యలో ఉండగా తాళం తిప్పకూడదు, స్టార్టర్ అసలే వేయకూడదు, మీటరు ఫ్యూజు పేలిపోతుంది.

నిద్రపోయాక కూడా 300, 400 మిల్లీఆంపియర్లు నిలిచి ఉంటే ఫ్యూజులు ఒక్కొక్కటిగా తీస్తూ మీటరు చూడండి. ఏ ఫ్యూజు తీస్తే అంకె ఢామ్మని పడిపోయిందో దొంగ ఆ దారిలో ఉన్నాడు. ఏ ఫ్యూజుకూ తగ్గకపోతే ఆల్టర్నేటర్ తీగను అనుమానించండి. ఎక్కువగా పట్టుబడేవి తర్వాత అమర్చిన డ్యాష్ కెమెరా, స్టీరియో, అతుక్కుపోయిన రిలే, డిక్కీ దీపం, గ్లవ్ బాక్సు దీపం. మూత వేశాక దీపం ఆరిందో లేదో చూడటానికి ఫోనులో వీడియో తీయడం మొదలుపెట్టి గ్లవ్ బాక్సులో పెట్టి మూయండి. ఒకసారి అలా తీసిన వీడియోలో మూత పడిన చప్పుడు వినిపించాక కూడా కాగితాల మీద పసుపు వెలుగు కదలకుండా నిలిచి ఉంది. స్విచ్చి పుల్ల వంగిపోయింది, అంతే. 5 వాట్ల ఆ బల్బు లాగేది 0.4 ఆంపియరు.

పని అయ్యాక మీటరు ఎర్ర తీగను తిరిగి వోల్టుల రంధ్రంలో పెట్టండి. మరిచిపోయి అలాగే బ్యాటరీ మీద పెడితే నేరుగా షార్టవుతుంది. దయచేసి మరిచిపోకండి.

ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ తీసి, ఇంజన్ ఆగకపోతే ఆల్టర్నేటర్ మంచిదే అంటారు. నిజమేనా?

ఆ పని ఎప్పుడూ చేయకండి, ఎవరినీ చేయనివ్వకండి. ఆల్టర్నేటర్ ఇచ్చే వోల్టేజీలో ఎగుడుదిగుళ్లను అణచేది బ్యాటరీయే. దాన్ని ఒక్కసారిగా తప్పిస్తే క్షణంలో పదో వంతు కూడా పట్టకుండా వోల్టేజీ ఎన్నో రెట్లు ఎగబాకుతుంది. ఇంజన్ కంప్యూటర్, ఆల్టర్నేటర్ డయోడ్‌లు పోవచ్చు. ఎలక్ట్రానిక్స్ లేని కాలపు అలవాటు అది. మీటరు ఉండగా దాని అవసరమూ లేదు.

నీళ్లు పోసే బ్యాటరీ అయితే అదనంగా ఏమైనా చూడాలా?

హైడ్రోమీటరుతో ఆరు గదుల్లోని ద్రవం సాంద్రత చూడవచ్చు. నిండుగా ఉంటే 1.265 నుంచి 1.280 మధ్య ఉంటుంది. అన్నీ సమానంగా తక్కువైతే ఛార్జి చేస్తే సరి. ఒక్క గది మాత్రం మిగతావాటికంటే 0.050 కన్నా ఎక్కువ వెనకబడితే ఆ గది పోయింది. పలకలు మునిగేలా డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయండి. యాసిడ్ పోయకూడదు, కుళాయి నీళ్లూ వద్దు.

దిగిపోయిన బ్యాటరీ కారు నడిపితే నిండిపోదా?

పైపైన నిండుతుంది. పది నిమిషాల ప్రయాణం స్టార్టింగ్‌కు అయిన ఖర్చుకే సరిపోవచ్చు. అడుగంటిన బ్యాటరీని నింపే భారం ఆల్టర్నేటర్ మీద మోపితే అది వేడెక్కి త్వరగా పాడవుతుంది. ఇంట్లో ఛార్జరు పెట్టండి. బ్యాటరీ ఆంపియర్-అవర్లలో పదో వంతు కరెంటు మంచిది, 50 అయితే 5 ఆంపియర్లు, రాత్రంతా. క్లిప్పులు పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ ఛార్జరు ఆపి ఉంచండి. మైనస్ మీద ఆ నల్ల పెట్టె ఉన్న కారయితే మైనస్ క్లిప్పును బ్యాటరీ మొనకు కాకుండా బాడీ లోహానికి పెట్టాలి, లేకపోతే కారుకు ఆ ఛార్జింగ్ లెక్క తెలియదు.

వేరే కారు బ్యాటరీతో స్టార్ట్ చేసేటప్పుడు తీగల వరస ఏమిటి?

ఎర్ర తీగ ముందు దిగిపోయిన బ్యాటరీ ప్లస్‌కు, తర్వాత మంచి బ్యాటరీ ప్లస్‌కు. నల్ల తీగ మంచి బ్యాటరీ మైనస్‌కు, దాని చివరి కొస దిగిపోయిన కారు ఇంజన్ మీద రంగు లేని లోహానికి, బ్యాటరీకి దూరంగా. నిప్పురవ్వ వచ్చేది ఆఖరి కలయికలోనే, అది హైడ్రోజన్ దగ్గర రాకూడదు. తీసేటప్పుడు ఇదే వరస వెనక నుంచి. బ్యాటరీ పగిలినా, గడ్డకట్టినా ఈ ప్రయత్నమే వద్దు.

స్టార్ట్-స్టాప్ కార్లకు, హైబ్రిడ్‌లకు కూడా ఇవే పరీక్షలా?

స్టార్ట్-స్టాప్ కారుకు, అంటే సిగ్నల్ దగ్గర ఇంజన్ తనంతట తానే ఆగి మళ్లీ అందుకునే కారుకు, ఆ తరచు స్టార్టింగ్‌ను తట్టుకునే ఏజీఎం లేదా ఈఎఫ్‌బీ రకం బ్యాటరీ ఉంటుంది. మార్చాల్సి వస్తే అదే రకం వేయాలి. కొన్ని కార్లలో కొత్త బ్యాటరీ వేసిన సంగతి కంప్యూటర్‌కు నమోదు కూడా చేయాలి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో 12 వోల్టుల బ్యాటరీని చాలావరకు, పెద్ద బ్యాటరీ వోల్టేజీని తగ్గించి ఇచ్చే డీసీ కన్వర్టర్ నింపుతుంది. వాటిలో నారింజ రంగు తీగల జోలికి పోవద్దు, అవి ప్రాణాలు తీసే వోల్టేజీవి.

దారి మధ్యలో ఛార్జింగ్ దీపం వెలిగింది. ఎంత దూరం వెళ్లగలను?

ముందు ఉష్ణోగ్రత ముల్లు చూడండి, స్టీరింగ్ ఎలా ఉందో చూడండి. స్టీరింగ్ ఒక్కసారిగా బరువెక్కినా, ముల్లు పైకి పోతున్నా బెల్టు తెగినట్టు. ఎన్నో ఇంజన్లలో నీటి పంపును తిప్పేదీ అదే బెల్టు. రోడ్డు పక్కకు తీసి వెంటనే ఆపండి, ఒక్క కిలోమీటరు కూడా పోవద్దు. ఇంజన్ ఉడికిపోతే పోయేది బ్యాటరీ కంటే ఎన్నో రెట్లు పెద్దది.

అవి రెండూ మామూలుగానే ఉంటే ఏసీ, ఫ్యాను, వెనక అద్దం హీటరు, పాటలు, ఫోను ఛార్జరు అన్నీ ఆపేయండి. ఇంజన్ మాత్రం ఆపకండి, మళ్లీ స్టార్ట్ కాకపోవచ్చు. నిండుగా ఉన్న మంచి బ్యాటరీతో పగటిపూట అరగంట, గంట నడవవచ్చు. రాత్రి హెడ్‌లైట్లు వేయక తప్పదు కాబట్టి అందులో సగమే అనుకోండి. డ్యాష్‌బోర్డు మీద ఒకదాని తర్వాత ఒకటిగా కొత్త దీపాలు వెలుగుతూ, హెడ్‌లైట్ల వెలుగు పసుపు రంగుకు తిరుగుతున్నదంటే మిగిలింది కొన్ని నిమిషాలే. కారుకు ఇంకా కదలిక ఉండగానే, వెలుతురున్న చోటు చూసి రోడ్డు దిగి ఆపండి.